రొయ్యల మూట మీద ఆమేన్

మట్టిబొమ్మ ముక్కులో ఊపిరి ఊది మనిషిని లేపి నిలబెట్టిన దేవునికి స్తోత్రం. చూడగూడనిది ఎదురైతే మూసుకోవడానికి కళ్ళకు రెప్పలిచ్చాడు. అనగూడనిది నాలుక మీదికి వస్తే ఆపడానికి నోటికి పెదవులిచ్చాడు. ముక్కుకు మాత్రం ఏ మూతా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని చిన్నప్పుడు మా నాయనను అడిగాను. ఆయన బంగారుపాళ్యం దగ్గర మామిడితోపుల మధ్య ఉన్న ఒక చిన్న ఊళ్ళో ఉపదేశి. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పేవాడు, ఆదివారం గుడిలో గంట కొట్టేవాడు, ప్రార్థన చేయించేవాడు, మమ్మల్ని నిద్రపోకుండా గిల్లేవాడు కూడా. "అది ఆయన ఊపిరి ఊదిన దోవ. ఆయన దోవకు తలుపు పెట్టమనేదానికి నువ్వెవురే?" అన్నాడు. నేను బుద్ధిగా ఆమేన్ అన్నాను. పెళ్ళయి పుత్తూరు వచ్చాక, ఆ దోవకు చిన్న తడికె అయినా ఉంటే ఎంత బాగుండునో అని అనుకోని రోజు లేదు. అయినా స్తోత్రమే.

ఇప్పుడిది రాయడానికి కారణం మా పక్క వాటాలో కొత్తగా దిగిన కుటుంబం. మంచివాళ్ళు. దిగిన రోజే పాలు పొంగించి మాకు లోటాతో పంపారు. పోయిన వారం ఒక మధ్యాహ్నం ఆ ఇంటి ఇల్లాలు ఎండు రొయ్యలు వేయించింది. నేను అన్నం ముందు కూర్చుని ప్రార్థన చేసుకుంటున్నాను. ప్రార్థన సగంలో ఉండగానే ఆ కంపు కిటికీలోంచి వచ్చి నా కంచం పక్కన కూర్చుంది. లేచి కిటికీలన్నీ మూశాను, తలుపు కింది సందులో తడిగుడ్డ కుక్కాను, అయినా ఆగక పెరట్లోకి పరుగెత్తాను. మా అమ్మాయి వెనకే వచ్చి వీపు రాస్తూ నవ్వింది. "రొయ్యవడల అంగడోళ్ళ కోడలివి. నువ్వే ఇట్లంటే ఎట్లమ్మా?" అంది. అవును, నేను రొయ్యవడల అంగడివాళ్ళ కోడలినే. ఆ అంగడి మీద బతికాను, దాని మీదే పిల్లల్ని పెంచాను. ఆ వాసనను ఒక్కరోజు కూడా సహించలేదు.

డెబ్బైలు ముగిసే కాలం అది. పుత్తూరు బస్టాండుకు కాస్త ఇవతల, రోడ్డు వారగా మా అంగడి. అంగడి అంటే నాలుగు గుంజలు, పైన తాటాకు, ముందొక పొయ్యి, పొయ్యి మీద మా అత్త కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఉన్న ఇనప బాండ్లి. మామ శనగపప్పు రుబ్బేవాడు. మా ఆయన నూలు మిల్లులో పని ముగించుకొని సాయంత్రానికి వచ్చి ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు తరిగేవాడు. అత్త బాండ్లి ముందు పీట వేసుకుని కూర్చునేది. అరచేతిలో పప్పుముద్ద తట్టి, దాని మీద వేయించిన ఎండు రొయ్యలను బొటనవేలితో అద్ది, నూనెలోకి జార్చేది. ఎముకలు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడినుంచో పుత్తూరు వచ్చేవాళ్ళు మాకు పెద్ద బేరం. విరిగిన చెయ్యికి కట్టు కట్టించుకుని, బాగున్న చేత్తో వడ పట్టుకుని, బస్సు వచ్చేదాకా నములుతూ నిలబడేవాళ్ళు. కట్టులోని గుడ్డుసొన వాసన, ఆకుపసరు వాసన, కాగి కాగి నల్లబడిన నూనె వాసన, వాటన్నిటి నెత్తిన రొయ్యల కంపు. వాళ్ళు రొయ్యకాళ్ళను పళ్ళలోంచి పీకి రోడ్డు మీద ఊసేవాళ్ళు. ఆ ఊసినవాటి కోసం పిల్లులు పోట్లాడుకునేవి. వడ బాగుంటుందని ఊరంతా అనేది. నాకు తెలియదు. నేను ఒక్కటి కూడా తినలేదు.

నా పని ఇంట్లో రొయ్యలు బాగుచెయ్యడం. చేటలో పోసి తలలు నలిపి, మీసాలు విరిచి, చెరగాలి. ఆవగింజల్లాంటి నల్లటి కళ్ళు చేటలోంచి నన్నే చూస్తున్నట్టుండేవి. మీసాలు గోళ్ళ సందుల్లో దూరేవి. ఆ దుమ్ము జుట్టులో, చీర మడతల్లో, తలగడలో, చివరికి నా పాటల పుస్తకంలో కూడా చేరింది. పుస్తకం తెరిస్తే పాటకంటే ముందు సముద్రం వచ్చేది. సీకాయతో రుద్దుకున్నాను, నిమ్మకాయతో రుద్దుకున్నాను, ఒకసారి బూడిదతో కూడా రుద్దుకున్నాను. ఆదివారం గుడికి పోతుంటే రెండు పిల్లులు మా వీధి చివరిదాకా సాగనంపేవి. గుడిలో చాప మీద నేను కూర్చోగానే పక్కనున్న ఆడవాళ్ళు పిల్లను సర్దుకుంటున్నట్టో, చెంగు సర్దుకుంటున్నట్టో మెల్లగా జరిగేవాళ్ళు. ఉపదేశి కూతుర్ని అయ్యుండి, పాపపు వాసన గురించి ప్రసంగం వింటూ నా మోచేతిని నేనే వాసన చూసుకునేదాన్ని. పెరట్లో నేను వాంతి చేసుకోవడం చూసి పక్కింటి ఆమె గోడ మీదుగా, "ఎన్నో నెలమ్మా?" అని నవ్వుతూ అడిగేది. "నెల గాదక్కా, రొయ్యలు" అనేదాన్ని. ఆమె నమ్మేది కాదు.

ఇక ఆ మూట సంగతి. సూళ్ళూరుపేట వైపు నుంచి ఒకాయన శనివారాల్లో బస్సు మీద ఎండు రొయ్యల మూట వేసుకుని వచ్చేవాడు. మా మతంవాడు కాదు గానీ, మా ఇంటి పద్ధతి తెలిసినవాడు. మూట నట్టింట్లో దించగానే అందరం చుట్టూ కూర్చునేవాళ్ళం. మామ ప్రార్థన చేసేవాడు. మూట తెచ్చినాయన కూడా తలగుడ్డ తీసి చేతులు కట్టుకుని నిలబడేవాడు. ప్రార్థన అయ్యాక చివర ఆమేన్ అనకుండా ఆపేవాళ్ళం. అప్పుడు అత్త మూట మూతి విప్పి, చెయ్యి మోచేతిదాకా లోపలికి పోనిచ్చి, అడుగునుంచి ఒక పిడికిలి తీసేది. పైన ఎప్పుడూ మంచివే ఉంటాయి, నిజం అడుగున ఉంటుందని ఆమె నమ్మకం. ఆ పిడికిలి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేది. బాగుంటే "ఆమేన్" అనేది, మేమందరం ఆమేన్ అనేవాళ్ళం, మూట మాది అయ్యేది. బాగలేకపోతే మాట్లాడకుండా మూట మూతి కట్టేసేది. అంతే, వాదన లేదు. దేవుని ముందు జరిగిన పని కాబట్టి మూటాయన కూడా నోరు మెదపకుండా మూట ఎత్తుకుని పోయేవాడు.

అత్త ముక్కు అలాంటిది మరి. రెండిళ్ళ అవతల పాలు అడుగంటబోతుంటే ఇక్కడ్నించే కేకవేసేది. వాన ఇంకా కార్వేటినగరం కొండల మీద ఉండగానే ఆరేసిన పప్పు లోపలికి తెమ్మనేది. ఇంట్లో మిగతావాళ్ళ ముక్కులు మాత్రం ముక్కులే కాదు. మామ ఏళ్ళ తరబడి ముక్కుపొడి పీల్చి పీల్చి, కర్పూరానికీ కిరసనాయిలుకూ తేడా తెలియని స్థితికి వచ్చాడు. మా ఆయన ఆ కంపులోనే పుట్టి పెరిగాడు కాబట్టి, చేపకు నీళ్ళెంతో ఆయనకు ఆ వాసన అంత. ఇక నేనున్నాను. నాకు అన్నీ కంపే కాబట్టి నా ముక్కును ఎవరూ లెక్కపెట్టేవాళ్ళు కాదు.

ఒక వానాకాలంలో అత్తకు విషజ్వరం వచ్చింది. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసింది. జ్వరం దిగింది, మనిషి చిక్కి సగమైంది, కానీ పట్టు వదలక బాండ్లి ముందు కూర్చుంది. ఆ తర్వాతి వారమే మా గుడిలో ఏటేటా జరిగే కూటాలు. చుట్టుపక్కల ఊళ్ళ విశ్వాసులు బండ్లు కట్టుకుని, బస్సులెక్కి, చంటిపిల్లలతో సహా వచ్చేవాళ్ళు. ప్రసంగం విరామంలో వాళ్ళందరూ తినేది మా వడలే. శనివారం మూట వచ్చింది. మామ ప్రార్థన చేశాడు. అత్త అడుగునుంచి పిడికిలి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఆమేన్" అంది.

నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. ఆ పిడికిలి బయటికి రాగానే నా నోట్లో నీళ్ళూరాయి, ఆకలితో ఊరే నీళ్ళు కావు. అది రోజూ వచ్చే కంపు కాదు. రోజూ వచ్చేది ఉప్పు కంపు, ఎండ కంపు, పొడి కంపు. ఇది వానకు తడిసి మగ్గాక మళ్ళీ ఎండబెట్టిన కంపు. గోడ సందులో ఎలుక చచ్చి వారమైతే వచ్చేలాంటిది, మీద కాస్త తీపి, కింద కళ్ళు మండించే ఘాటు. నేను చెంగు నోట్లో కుక్కుకుని, "అత్తా, ఇవి కుళ్ళిపోయినాయి" అన్నాను. ముందు మామ నవ్వాడు, తర్వాత మా ఆయన. మూట తెచ్చినాయన అందరికంటే గట్టిగా నవ్వాడు.

"రొయ్యలకు రొయ్యల వాసన రాక మల్లెపూల వాసన వస్తాదా పాపా?"

"అబ్బా, ఈయమ్మ పరలోకం పోయినా ముక్కు మూసుకోనే పోతాదప్పా" అన్నాడు మామ.

అత్త మాత్రం నవ్వలేదు. నావైపు చూడనూ లేదు. పిడికిట్లోని రొయ్యలను మూటలో వేసేసి, చెయ్యి చీరకు తుడుచుకుని లేచింది.

ఆ సాయంత్రం మగవాళ్ళిద్దరూ గుడి ముందు పందిరి వెయ్యడానికి పోయారు. అత్త పొయ్యి పక్కన కూర్చుని ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ రొయ్యల తలలు నలుపుతోంది. నేను పెరట్లో బట్టలు తీస్తున్నాను. లోపలినుంచి పాలు మాడిన వాసన వచ్చింది. అత్త ఉంది కదా అనుకున్నాను. వాసన ఎక్కువైంది. లోపలికి పరుగెత్తి చూస్తే, ఆమె మోకాలికి జానెడు దూరంలో పాలగిన్నె నల్లగా పొగలు కక్కుతోంది. ఆమె కూనిరాగం తీస్తూనే ఉంది.

"అత్తా, పాలు!"

"యాడ?" అంది. అంతలోనే తమాయించుకుని, "తెలుసులే. సూస్తానే ఉండా" అంది.

నేను గిన్నె దించి ఆమె ఎదురుగా కూర్చున్నాను. ఆమె చేటలో వేళ్ళు ఆడిస్తూ ఉండిపోయింది.

"జ్వరం పోతా పోతా నా ముక్కును పట్టుకపోయిందే" అంది చివరికి. "ఏమీ తెలియదు. మీ మామ ముక్కుపొడి తెలియదు, అగరొత్తి తెలియదు. పొద్దున లేస్తే వచ్చేస్తాదేమో, ప్రభువు ఇచ్చేస్తాడేమో అని సూస్తా ఉండా. మామకు చెప్పబాక. వాసన తెలియని దాన్ని బాండ్లి ముందర ఎవురు కూసోబెడతారు? ఆ మూటాయనకు తెలిస్తే ఇంకేముంది, ఊళ్ళో యెవురూ కొననిదంతా మనకే తెస్తాడు."

"మరి ఆమేన్ అన్నావే?"

"పొడిగానే తగిలినాయి చేతికి. ఇన్నేండ్లుగా తెస్తాండే మనిషి..." ఆగిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, "నిజంగా బాగలేవా? నీకు బాగుండేవి యాడుండాయి లేమ్మా" అంది.

ఆమె అనుమానం న్యాయమైనదే. రెండేళ్ళుగా వచ్చిన ప్రతి మూటకూ ముక్కు మూసుకున్నదాని మాట ఎవరు నమ్ముతారు? కూటాలకు వచ్చే చంటిపిల్లల తల్లులు నా కళ్ళ ముందు మెదిలారు. అత్త కూడా వాళ్ళ గురించే ఆలోచిస్తోందని తెలుస్తూనే ఉంది. లేచి వెళ్ళి, పాత మూటలో మిగిలిన రొయ్యలున్న డబ్బా తెచ్చింది. ఒక తువ్వాలుతో నా కళ్ళు కట్టింది. "చెప్పు" అంటూ నా ముక్కు కింద ఒక పిడికిలి పెట్టింది.

అంతవరకూ నేను రొయ్యలను చేటంత దూరంనుంచే ఎరుగుదును. ముక్కుకు ఆనించి లోపలిదాకా పీల్చడం అదే మొదలు. "కంపు. పాత కంపే. డబ్బాలోవి" అన్నాను. ఇంకో పిడికిలి. గోడ పట్టుకుని, "ఇవి మూటలోవి. చచ్చిన కంపు" అన్నాను. మళ్ళీ డబ్బావి, మళ్ళీ మూటవి. ఒక్కటి కూడా తప్పు చెప్పలేదు. చివరికి ఇంకోటి పెట్టింది. "ఇది ఉత్త చెయ్యి. ఇది కూడా కంపే అత్తా" అన్నాను. అత్త పకపకా నవ్వింది. జ్వరం తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. నేను మాత్రం కళ్ళకు కట్టుతోనే పెరట్లోకి తడుముకుంటూ పోయి, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. వెనక ఆమె నవ్వు ఆగిపోయి, ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

మగవాళ్ళు తిరిగి వచ్చేసరికి అత్త నిమ్మచెట్టు పక్కన గుంట తవ్వి మూట అందులో ఒంపుతోంది. మామ గుండెలు బాదుకున్నాడు.

"రేపు కూటాలు పెట్టుకోని ఏం పని మే ఇది? ఆమేన్ అన్నావు గదా! జ్వరం తిరగబెట్టిందా నీకు?"

"తిరగబెట్టలేదు. పోతా పోతా నా ముక్కు పట్టుకపోయింది" అంది అత్త, పార ఆపకుండానే. "వాసన తెలియకుండానే అన్నా ఆ ఆమేన్. దేవుని ముందర అబద్ధం చెప్పినా. మట్టి కప్పనీ."

మామ అలవాటుగా మొలలోంచి ముక్కుపొడి డబ్బీ తీశాడు. దాన్ని చూశాడు. మళ్ళీ దోపుకున్నాడు. "ఇన్నేండ్లుగా దీన్ని పాడుచేసుకున్నోణ్ణి నేను. పోతే నాది పోవాల గానీ, నీది పోయిందా" అన్నాడు. పార ఆమె చేతిలోంచి తీసుకుని మట్టి తనే లాగాడు.

కూటాలకు ఆ డబ్బాలో మిగిలినవాటితో వేసిన వడలు మొదటి పాటలోపే అయిపోయాయి. మామూలు పప్పువడలు వేద్దామని మా ఆయన అంటే, రొయ్యవడల కోసం వచ్చినవాళ్ళకు వేరేది పెట్టనని అత్త పొయ్యి ఆర్పేసింది. మా గుడి పాస్టరు అయ్యగారు స్వయంగా వచ్చి, "సంఘం సగం మీ వడల కోసమే వచ్చిందమ్మా, ఇప్పుడు నా ప్రసంగం ఒక్కటే తిని పోవాల" అని నిష్ఠూరమాడారు. ఆయనకు ఆమె జరిగిందంతా చెప్పింది. ఆయన ఆమె తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ముక్కు తిరిగి ఇమ్మని గట్టిగానే అడిగారు. తిరిగి రాలేదు.

తర్వాతి శనివారం మూట వచ్చింది. మామ ప్రార్థన చేశాడు. అత్త అడుగునుంచి పిడికిలి తీసింది. తన ముక్కు దగ్గర పెట్టుకోలేదు. అందరి ముందూ నా ముక్కు దగ్గర పెట్టింది.

"నాకొద్దత్తా" అన్నాను.

"నీకు ఇష్టమా అని అడిగినానా?" అంది. "ఇష్టంగా సూసే ముక్కు మోసపోతాది. నీ ముక్కు దేన్నీ నమ్మదు. అదే కావాల."

మూట తెచ్చినాయన ముఖం వాడిపోయింది. "ఏందక్కా ఇది! ఈ పాప ముక్కుకు సముద్రంలో ఏ సరుకు ఆనతాదని?"

పిడికిలి అలాగే ఉంది. దాని వెనక అత్త కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. నేను పీల్చాను. ఉప్పు కంపు, ఎండ కంపు, పొడి కంపు. కడుపు తిప్పింది గానీ గొంతుదాకా రాలేదు. చెంగులోంచే "ఆమేన్" అన్నాను.

"ఇట్లాంటి ఆమేన్ నేను యాడా ఇనలేదు తల్లీ. సావు కబురు చెప్పినట్టుండాది" అన్నాడు ఆయన తలగుడ్డ చుట్టుకుంటూ. ఆ తర్వాత ఎన్ని మూటలు వచ్చినా, వానకు తడిసిన సరుకు మాత్రం మా గడప తొక్కలేదు.

బాండ్లి ముందు పీట మీద అత్తే కూర్చుంది. వడ వేగిందా లేదా అన్నది నూనె చప్పుడును బట్టి, రంగును బట్టి తెలుసుకునేది. ఏదైనా మాడబోతే పక్కన నేనుండేదాన్ని. అలా సాయంత్రాలు ఆ పొగలో, ఆ కంపులో, ఆ పిల్లుల మధ్య నిలబడడం నా రాత అయింది. ఎన్నో ఏళ్ళు నిలబడ్డాను. నాకు అలవాటు కాలేదు. అలవాటు కాకపోవడమే నా ఉద్యోగం.

వాన మొదలైతే "యెట్లుండాది?" అని అడిగేది అత్త. మట్టి వాసన చెప్పేదాన్ని. నా బిడ్డ పుట్టాక దాని తల తన ముక్కుకు ఆనించుకుని, తనకేమీ తెలియక, నావైపు తిరిగి "యెట్లుండాది?" అనేది. పాల వాసన, కొబ్బరినూనె వాసన చెప్పేదాన్ని. అన్నిటికంటే ఎక్కువగా అడిగింది మాత్రం రొయ్యల గురించే. అవి పెనం మీద వేగుతుంటే ముఖం నావైపు తిప్పి, "చెప్పు మే, యెట్లుండాది?" అనేది. "కంపు అత్తా" అనేదాన్ని. "అయితే బాగుండాది" అని తృప్తిగా తలాడించేది. మంచంలో పడ్డాక ఒక సాయంత్రం, ఇంట్లో ఏమీ వేగకుండానే, అదే మాట అడిగింది. నేను కూడా అదే జవాబు చెప్పాను. తలాడించింది.

చదివే మీరు కూడా ఒక్క నిమిషం నాతోపాటు తల వంచండి. ఈ వేళ రోడ్ల పక్కన బాండ్లి ముందు పొగలో కూర్చుని ఉన్న ఆడవాళ్ళందరి కోసం, వాళ్ళ కళ్ళూ ముక్కులూ చేతులూ వాళ్ళకు కావలసినంతకాలం పనిచెయ్యాలని, చెయ్యనప్పుడు పక్కన ఎవరో ఒకరు నిలబడాలని ప్రార్థన చేద్దాం. మా అత్త గొంతు ఎలా ఉండేదో ఇప్పుడు నాకు సరిగా గుర్తు లేదు, ఆ పిడికిట్లోని కంపు మాత్రం ఉన్నదున్నట్టు ఉంది. మనం ప్రేమించినవాటిని నెమ్మదిగా తుడిచేసే కాలం, అసహ్యించుకున్నవాటి జోలికి ఎందుకో అంత త్వరగా పోదు.